నేల మ్యాపు, సముద్రపు చార్టు అతకడం లేదు: మైపాడు తీరానికి ఒకే ఉపరితలం ఎట్టా?

మైపాడు_మ్యాప్స్
నెల్లూరు జిల్లాలో పెన్న మొగ (నది సముద్రంలో కలిసే చోటు) నుంచి మైపాడు దాటేదాకా పన్నెండు కిలోమీటర్ల తీరానికి ఒకే ఉపరితలం, అంటే ఎత్తులూ లోతులూ చూపే మ్యాపు, తయారు చెయ్యాల. ఊళ్లు, కరకట్టలు, రొయ్యల చెరువులు, బీచి, ఆపైన సముద్రంలో పది మీటర్ల లోతు దాకా అన్నీ ఒకే రాస్టర్‌లో (గళ్ల మ్యాపులో) రావాల. ఉప్పెన నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో, సరుగుడు పట్టీ ఎక్కడ పెంచాలో, పడవలు నిలిపే చోటు ఎక్కడ పెట్టాలో దీని మీదే చూస్తారు.

చేతిలో ఉన్నవి: ఇస్రో భువన్ సైటు నుంచి దించుకున్న కార్టోడెమ్ (ఉపగ్రహం తీసిన ఎత్తుల డేటా), బీచికీ కట్టలకీ ఆర్‌టీకే (సెంటీమీటర్ల లెక్కలో స్థానం ఇచ్చే జీపీఎస్) డ్రోను సర్వే, నావికా చార్టు నుంచి డిజిటైజ్ చేసిన లోతులు, పాత టోపో షీట్లు, ఊళ్ల ఎఫ్ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు).

ఇబ్బందులు మూడు. కార్టోడెమ్‌లో ఊళ్లన్నీ మైనస్ ఎనభైల్లో ఉన్నాయి. డ్రోను ఎత్తుల్ని జియాయిడ్‌తో (సముద్రమట్టం ఆకారపు మోడల్) దిద్ది చార్టు లోతుల పక్కన పెడితే ఒడ్డు దగ్గర అర మీటరు పైచిలుకు మెట్టు వస్తోంది, సముద్రం వైపే ఎత్తుగా ఉంది. నీటి అంచు నుంచి రెండు మూడొందల మీటర్ల పట్టీలో అసలు ఏ డేటా లేదు. మెట్టుని స్మూత్ చేసి ఇచ్చెయ్యమని ఒక సలహా వచ్చింది. చెయ్యొచ్చా?

లెవెల్_బుడగ
స్మూత్ చెయ్యొద్దు. అది రెండు సున్నాల మధ్య తేడా. దాన్ని పూసేస్తే ఎక్కడ తప్పు ఉందో ఇక ఎవరికీ దొరకదు.

ఒంగోలు_గిత్త
మొదటిదానికి జవాబు సులువు. భువన్‌లో దొరికే కార్టోడెమ్ ఎత్తులు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ (జీపీఎస్ వాడే లెక్కల భూగోళం) మీదవి, సముద్రమట్టం మీదవి కావు. మన తీరంలో సముద్రమట్టమే ఎలిప్సాయిడ్‌కి 80 మీటర్లకు పైగా కింద ఉంటుంది. జియాయిడ్ విలువ తీసేస్తే ఊళ్లు పైకొస్తాయి. పక్కన ఎస్ఆర్‌టీఎం (నాసా ఎత్తుల డేటా) పెట్టుకుంటే అది ఈజీఎం 96 అనే జియాయిడ్ మోడల్ మీద, కోపర్నికస్ డెమ్ అయితే ఈజీఎం 2008 మీద ఉంటాయి. మూడూ కలిపి సగటు తీసేవాళ్లని చూస్తే గుండె తరుక్కుపోతుంది.

మైపాడు_మ్యాప్స్
@ఒంగోలు_గిత్త దిద్దాను అన్నా, ఇప్పుడు ఊళ్లు 2 నుంచి 9 మీటర్ల మధ్య వచ్చాయి. కానీ సరుగుడు తోటలు గుట్టల్లా నిలబడ్డాయి.

ఒంగోలు_గిత్త
నిలబడతాయి మరి. ఉపగ్రహం చూసేది చెట్టు కొసనీ ఇంటి కప్పునీ. అసలు కార్టోడెమ్‌కి సమతల నేల మీద కూడా మీటర్ల లెక్కలో తప్పు ఉంటుంది. మన తీరంలో మొదటి రెండు కిలోమీటర్ల నేల ఎత్తు మొత్తమే నాలుగైదు మీటర్లు. కొలవాల్సిందీ కొలబద్ద తప్పూ ఒకటే పరిమాణంలో ఉంటే దానితో ఉప్పెన లెక్క వెయ్యకూడదు. తీరం నుంచి రెండు మూడు కిలోమీటర్ల దాకా డ్రోను గానీ లైడార్ (లేజరుతో ఎత్తు కొలిచేది) గానీ పెట్టుకో, కార్టోడెమ్‌ని దాని వెనక వైపుకే వాడు.

లెవెల్_బుడగ
ఇప్పుడు మెట్టు సంగతి. నీ దగ్గర మూడు సున్నాలున్నాయి.

ఒకటి జీపీఎస్‌ది, ఎలిప్సాయిడ్. రెండోది నేల మ్యాపులది: సర్వే ఆఫ్ ఇండియా సముద్ర సగటు మట్టం. 1909లో దేశం చుట్టూ తొమ్మిది రేవుల పోటు కొలతల మీద కట్టిన సున్నా అది, వాటిలో మద్రాసు, విశాఖ కూడా ఉన్నాయి. మూడోది చార్టుది, చార్ట్ డేటం. ఓడ నేలకి తగలకూడదు కాబట్టి ఆటుకి నీరు దాదాపు ఇంతకన్నా దిగదు అనే మట్టాన్ని అక్కడ సున్నాగా పెడతారు. లోతులన్నీ అక్కణ్ణుంచి కిందికి కొలుస్తారు.

చెన్నై రేవులో సగటు మట్టం చార్ట్ డేటం కంటే సుమారు 0.65 మీటర్లు పైన. మన దగ్గరా ఆ దరిదాపే. నీ మెట్టు అదే. చార్టులో 5.0 అని ఉంటే సగటు మట్టం మీద అది మైనస్ 5.0 కాదు, మైనస్ 5.65. నువ్వు గుర్తు మాత్రమే మార్చావు, 0.65 తియ్యలేదు, అందుకే అడుగు పైకి లేచింది.

బార_లోతు
దానికి తోడు చార్టులో కింద గీత గీసిన అంకెలుంటాయి చూడు, అవి లోతులు కావు, ఆటుకి బయటపడే మేటల ఎత్తులు. డిజిటైజ్ చేసేటప్పుడు వాటిని కూడా మైనస్ చేసేస్తారు. గీత కింద 0.3 అంటే చార్ట్ డేటం పైన 0.3, సగటు మట్టం మీద మైనస్ 0.35. పెన్న మొగ బయట మేటలున్న చోట ఈ ఒక్క తప్పుతోనే దిబ్బ గుంటైపోతుంది.

కందలేరు44
రేవు పనుల్లో అన్నీ చార్ట్ డేటంలోనే నడుస్తాయి. డ్రెడ్జింగు, గట్టు ఎత్తు, పోటు పట్టిక, అన్నీ. నేల ఎత్తుల్నే ఆ సున్నాకి తెస్తే పోలా? అందరూ ఒకే భాష మాట్లాడతారు.

లెవెల్_బుడగ
@కందలేరు44 రేవు లోపల అది సరే. తీరం పొడుగునా కుదరదు. చార్ట్ డేటం ఒక రేవుకి ఒకటి, పోటు తేడాని బట్టి ఒక్కో చోట ఒక్కో ఎత్తులో ఉంటుంది. కృష్ణపట్నానికీ ఒంగోలు వైపుకీ మధ్య దాన్ని నేల మీద పరిస్తే సున్నా వాలుగా పడుతుంది. పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ, ఇరిగేషన్ వాళ్ల తూముల ఎత్తులు, రోడ్ల ఎత్తులు అన్నీ సగటు మట్టం మీదే ఉన్నాయి. ఉప్పెన మోడళ్లు కూడా సగటు మట్టమే అడుగుతాయి. కాబట్టి ఉపరితలాన్ని సగటు మట్టంలో ఉంచి, రేవు వాళ్లు అడిగితే ఒక అంకె కలిపి ఇవ్వడం మేలు.

కందలేరు44
ఒప్పుకుంటా, కానీ ఆ ఒక్క అంకెని చెన్నై నుంచి అరువు తెచ్చుకోవద్దు. మన రేవు టైడ్ గేజి (పోటు కొలిచే పరికరం) బెంచ్‌మార్కు (ఎత్తు తెలిసిన గుర్తు రాయి) నుంచి తియ్యాలి.

లెవెల్_బుడగ
అసలు పని అదే. నేను పెట్టే వరుస:

గేజి పక్కన ఉన్న బెంచ్‌మార్కు మీద జీఎన్ఎస్ఎస్ (జీపీఎస్ లాంటి) రిసీవరు పెట్టి స్టాటిక్‌లో, అంటే కదపకుండా, కనీసం నాలుగైదు గంటలు రికార్డు చెయ్యాలి, వీలైతే రెండు వేర్వేరు రోజులు. భూముల రీసర్వేకి పెట్టిన కార్స్ స్టేషన్లతో (ఎప్పుడూ నడిచే జీపీఎస్ బేసులు) ప్రాసెస్ చేస్తే ఎలిప్సాయిడ్ ఎత్తు వస్తుంది. ఆ రాయి చార్ట్ డేటం మీద ఎంతో రేవు రికార్డులో ఉంటుంది. దగ్గర్లో సర్వే ఆఫ్ ఇండియా జీటీఎస్ బెంచ్‌మార్కు (సగటు మట్టం మీద ఎత్తు తెలిసిన రాయి) దొరికితే డబుల్ లెవెలింగు (పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఎత్తు కొలత) చేసి రెండూ కలపాలి. అప్పుడు ఒకే రాయి మీద మూడు అంకెలుంటాయి: ఎలిప్సాయిడ్ నుంచి ఇంత, సగటు మట్టం నుంచి ఇంత, చార్ట్ డేటం నుంచి ఇంత. రాసిపెట్టుకున్న ఆ మూడు అంకెలే ప్రాజెక్టుకి ప్రాణం.

జియాయిడ్ మోడల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఈజీఎం 2008 సున్నా వేరు, 1909 సున్నా వేరు, ఈనాటి సముద్రపు సగటు వేరు. పది ఇరవై సెంటీమీటర్లు సులువుగా తేడా వస్తుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. రాయి దగ్గర మోడల్ చెప్పినదానికీ లెవెలింగు చెప్పినదానికీ ఉన్న తేడాని పన్నెండు కిలోమీటర్లకీ ఒకే దిద్దుబాటుగా వేసెయ్. ఇంత చిన్న పట్టీకి అది చాలు, కానీ మైపాడు వైపు ఇంకో రాయి మీద సరిచూసుకో.

కావలి_కాంటూరు
క్యూజీఐఎస్‌లో (మ్యాపుల సాఫ్ట్‌వేర్) చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈపీఎస్‌జీ కోడు 4979 (డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ ఎత్తు) నుంచి ఈజీఎం 2008 ఎత్తుకి, అంటే 3855కి మార్చమని అడిగినప్పుడు జియాయిడ్ గ్రిడ్ ఫైలు మెషీన్‌లో లేకపోతే చాలాసార్లు అది ఆగదు. పైకి మార్చినట్టే నటించి ఎత్తు మాత్రం అలాగే వదిలేస్తుంది. మార్చిన వెంటనే తెలిసిన ఒక బిందువు చూసుకో. ఎనభై పైచిలుకు తేడా కనబడకపోతే ఏమీ జరగనట్టే లెక్క.

సమతలానికి యూటీఎం 44 ఉత్తర జోను, ఈపీఎస్‌జీ 32644. మన తీరం మొత్తం అందులోనే పడుతుంది.

మైపాడు_మ్యాప్స్
@కావలి_కాంటూరు ఎత్తులు సరే. టోపో షీటులో బకింగ్‌హామ్ కాలవ డ్రోను ఫోటోలో కాలవకి రెండొందల మీటర్ల పక్కన పడుతోంది. కాలవ జరిగిందా?

కావలి_కాంటూరు
కాలవ ఎక్కడికీ పోలేదు. పాత షీటు ఎవరెస్ట్ అనే వేరే ఎలిప్సాయిడ్ మీద, పాలీకోనిక్ ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని కాగితం మీదికి తెచ్చే ఒక పద్ధతి) ఉంది. దాన్ని డబ్ల్యూజీఎస్ 84 అనుకుని పెడితే మన అక్షాంశంలో సుమారు రెండొందల మీటర్లు జరుగుతుంది. కల్యాణ్‌పూర్ 1975 డేటం ఎంచుకుని మూడు పరామితుల (మూడు దిక్కుల జరుపు, మీటర్లలో) మార్పిడి ఇవ్వు: 295, 736, 257. షీటు మూలల్లోని అక్షాంశ రేఖాంశాల గళ్లతోనే జియోరెఫరెన్సు చెయ్యి, ఊరి పేర్లతో కాదు. 2005 మ్యాప్ పాలసీ తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లయితే ఈ గొడవ లేదు, అవి డబ్ల్యూజీఎస్ 84, యూటీఎంలోనే ఉన్నాయి.

ఇంకోటి, 80 డిగ్రీల రేఖాంశం నెల్లూరు పక్కనే పోతుంది. నెల్లూరు ఊరు 57 ఎన్ షీటులో, మైపాడు 66 బీ షీటులో. రెండు షీట్ల సర్వే సంవత్సరాలు వేరుగా ఉంటే కాలవలు అంచు దగ్గర కలవవు, లాగి కలపొద్దు.

గొలుసు_లింకు
ఎఫ్ఎంబీలు అన్నారు కాబట్టి ఒక మాట. పాత ఊరి మ్యాపు మైలుకి 16 అంగుళాలు, అంటే 1:3,960. సీఆర్‌జడ్ (తీర నియంత్రణ ప్రాంతం) స్థానిక మ్యాపులకి అదే స్కేలు పెట్టడానికి కారణం ఇదే, సర్వే నంబర్లు దాని మీద అతుకుతాయి. ఎఫ్ఎంబీ కొలతలు లింకుల్లో ఉంటే వంద లింకులు 66 అడుగులు, 20.1168 మీటర్లు. 20 అని గుండ్రం చేస్తే కిలోమీటరుకి దాదాపు ఆరు మీటర్లు పోతుంది.

జోడించేటప్పుడు మూడు ఊళ్లు కలిసే ట్రైజంక్షన్ రాళ్లు పట్టుకోండి. కనీసం ఆరు, నాలుగు మూలలకీ పరుచుకుని ఉండాలి. సముద్రం వైపు రాళ్లు దొరకవు, ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, లేదా కోతకి పోయి ఉంటాయి. అట్లాంటి వైపు రాయి లేదని లోపలి రాళ్లతో రెండో మూడో డిగ్రీ పాలినామియల్ (మ్యాపుని వంచి అతికే మార్పిడి) పెడితే తీరం వైపు అంచు బొంగరంలా తిరిగిపోతుంది. మొదటి డిగ్రీ అఫైన్ (గీతలు వంగని మార్పిడి) దాటొద్దు. రీసర్వే అయిపోయిన ఊరైతే పాత ఎఫ్ఎంబీతో కుస్తీ వద్దు, కొత్త ఎల్‌పీఎం (భూ కమతాల మ్యాపు) కోఆర్డినేట్లతోనే వస్తుంది.

పెన్నమొగ
మధ్యలో డేటా లేని ఆ తెల్ల పట్టీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అదే అసలు ముక్క. అల విరిగేది అక్కడ, పడవ బోల్తా పడేది అక్కడ, ఇసుక కదిలేది అక్కడ. సర్వే పడవ రెండు మూడు మీటర్ల లోతు లోపలికి రాదు, డ్రోను నీళ్ల కిందికి చూడదు.

సరుగుడు
ఉపగ్రహ చిత్రాల నుంచి లోతు తీసే పద్ధతి ఉంది కదా, సెంటినెల్ 2 ఉపగ్రహపు నీలం, ఆకుపచ్చ బ్యాండ్ల నిష్పత్తితో. ఉచితం కూడా.

పెన్నమొగ
@సరుగుడు లక్షద్వీప్‌లో అయితే బ్రహ్మాండంగా వస్తుంది. ఇక్కడ నీళ్లు బురద. కాంతి అడుక్కి తగలదు, తగలనప్పుడు నిష్పత్తి కొలిచేది లోతుని కాదు, బురదని. మొగ దగ్గర వచ్చిన బురద నీటిని అది లోతు తక్కువగా చూపిస్తుంది. ఆకుపచ్చ లేజరు లైడార్‌కి కూడా ఇదే జబ్బు, నీటిలో తెల్ల పళ్లెం కనబడేంత లోతుకి రెండు మూడు రెట్లు మించి దిగదు. పళ్లెం అర మీటరుకే మాయమైతే ఇక చెప్పేదేముంది.

సరుగుడు
సరే, మరి జెబ్కో గ్రిడ్ (ప్రపంచ సముద్రాల లోతుల డేటా)?

పెన్నమొగ
దాని గడి 15 ఆర్క్ సెకన్లు, సుమారు 450 మీటర్లు. మీ తెల్ల పట్టీ మొత్తం ఒక గడిలో దాక్కుంటుంది. లోతు సముద్రంలో ఉప్పెన మోడల్ మొదలెట్టడానికి వాడుకోండి, ఒడ్డుకి కాదు.

బార_లోతు
పట్టీ నింపడానికి మనుషులు దిగాల్సిందే. చేసే తీరు చెప్తాను.

ఆటు పూర్తిగా తీసినప్పుడు, అంటే పౌర్ణమి, అమావాస్య తర్వాతి ఒకటి రెండు రోజులు, ఆర్‌టీకే కర్రతో ఒడ్డుకి అడ్డంగా నడవాలి. ప్రతి యాభై మీటర్లకి ఒక వరస, వరసలో మూడు నాలుగు మీటర్లకి ఒక బిందువు, వాలు మారిన చోటల్లా తప్పకుండా ఒకటి. ఇసుక దిబ్బ వెనక నుంచి మొదలెట్టి రొమ్ము లోతు దాకా. కర్ర కొసకి వెడల్పు పాదం బిగించాలి, లేకపోతే ఇసుకలో పది సెంటీమీటర్లు దిగి అడుగంతా పది సెంటీమీటర్లు కిందికి పోతుంది. నడుముకి తాడు, ఒడ్డున ఒక మనిషి, లైఫ్ జాకెట్టు. ఇవి లేకుండా ఎవర్నీ దించొద్దు.

అవే వరసల మీద, పోటు నిండినప్పుడు, చిన్న పడవలో సింగిల్ బీమ్ ఎకో సౌండరుతో (శబ్దం పంపి లోతు కొలిచే పరికరం) బయట నుంచి లోపలికి రావాలి. మన దగ్గర పోటు తేడా దాదాపు మీటరే కాబట్టి నడిచిన బిందువులూ పడవ బిందువులూ కలిసే మేర సన్నగా ఉంటుంది, కొన్ని వరసల్లో కలవకపోవచ్చు. కలిసిన చోట తేడా 15 సెంటీమీటర్లు దాటితే ముందు కారణం వెతకాలి. పని తెల్లవారుజామున, గాలి లేవక ముందు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు వలలు అడ్డం ఉండవు, కానీ మే వచ్చేసరికి దక్షిణపు గాలికి అల లేస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

కందలేరు44
@బార_లోతు బార్ చెక్ గురించి చెప్పలేదు.

బార_లోతు
చెప్తా. ఎకో సౌండరుకి ధ్వని వేగం 1500 అని వదిలేస్తారు. వెచ్చటి ఉప్పునీటిలో మన దగ్గర 1540 దగ్గర ఉంటుంది. పది మీటర్ల లోతులో పాతిక సెంటీమీటర్లకు పైగా తక్కువ చూపిస్తుంది. అదే పెన్నకి వరద వచ్చినప్పుడు మొగలో మంచినీళ్లు 1505 దగ్గర ఉంటాయి, పైన మంచినీళ్లు కింద ఉప్పునీళ్లు అయితే ఒక అంకె చాలదు. అందుకని ట్రాన్స్‌డ్యూసరు (సౌండరులో శబ్దం పంపే ముక్క) కింద ఇనప పళ్లెం 2, 4, 6 మీటర్లకి గుర్తులున్న గొలుసుతో దింపి, సౌండరు అదే చూపించేదాకా వేగం సరిచెయ్యాలి. పొద్దున ఒకసారి, పని అయిపోయాక ఒకసారి. ట్రాన్స్‌డ్యూసరు నీటిలో ఎంత మునిగిందో మనుషులు ఎక్కాక కొలవాలి, రేవులో ఖాళీ పడవకి కాదు.

ఉప్పుటేరు
టైము సంగతి మర్చిపోవద్దు. జీపీఎస్ లాగు యూటీసీలో ఉంటుంది, మన పోటు పట్టిక భారత కాలమానంలో. ఐదున్నర గంటల తేడా. మనకి పోటు నుంచి ఆటుకి ఆరు గంటల చిల్లర. అంటే టైము కలపడం మర్చిపోతే పోటు దిద్దుబాటు దాదాపు తలకిందులవుతుంది, కలపాల్సిన చోట తీసేస్తారు. తేడా ఒక మీటరు దగ్గరికి వస్తుంది. మెట్టుకి కారణం డేటం అనుకుని వెతికితే ఇది దొరకదు.

కందలేరు44
నిజం. లోతుల్ని టైము వరసలో గీసి చూస్తే పోటు ఆకారమే అడుగు మీద కనబడుతుంది. అప్పుడు వెంటనే తెలిసిపోతుంది.

మైపాడు_మ్యాప్స్
పోటు కొలవడానికి పెన్న మొగ లోపల స్కేలు పాతితే సరిపోతుందా? బయట బీచిలో నిలబడదు.

పెన్నమొగ
వద్దు. మొగకి ఇసుక కట్ట అడ్డం పడుతుంది. వేసవిలో సన్నగా మిగిలినప్పుడు లోపలి పోటు బయటి దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు, టైము కూడా ఆలస్యం. అక్కడి సగటు సముద్రపు సగటు కాదు. జువ్వలదిన్నె హార్బరు లేదా కృష్ణపట్నం లాంటి, సముద్రానికి బాగా తెరుచుకున్న చోట చూసుకో. లేదంటే ఐదు మీటర్ల లోతులో బరువుకి కట్టిన ప్రెషర్ సెన్సారు. గాలి ఒత్తిడి మార్పు తీసెయ్యాలి, ఒక హెక్టోపాస్కల్‌కి ఒక సెంటీమీటరు నీరు.

లెవెల్_బుడగ
ఎన్నాళ్లు కొలవాలనేది కూడా చూడు. అమావాస్య నుంచి అమావాస్య దాకా కనీసం 29 రోజులు ఉంటేనే పోటు అంశాలు విడిపోతాయి. ఆ నెల సగటునే సగటు మట్టం అనుకోవద్దు. బంగాళాఖాతం మట్టం ఏడాదిలో మారుతుంది: మార్చి, ఏప్రిల్‌లో తక్కువ, అక్టోబరు, నవంబరులో ఎక్కువ, తేడా పదుల సెంటీమీటర్లలో. ఏప్రిల్ కొలతని ఏడాది సగటు అనుకుంటే కట్ట ఎత్తు అంతమేర తక్కువ పడుతుంది. తుఫాన్లు వచ్చేదేమో నీరు ఎత్తుగా ఉండే నెలల్లో. 1989లో కావలి దగ్గర దాటింది నవంబరులోనే. నీ నెల సగటుని అదే నెలలో రేవు గేజి సగటుతో పోల్చి, రేవు దీర్ఘకాల సగటుకి మార్చుకోవాలి.

సరుగుడు
ఇంత సూక్ష్మం అవసరమా? అర మీటరు తేడాకి ప్రణాళిక తలకిందులవుతుందా?

లెవెల్_బుడగ
@సరుగుడు వాలు చూసుకో. బీచి వాలు 1:20 అయితే 0.65 తప్పుకి నీటి గీత 13 మీటర్లు జరుగుతుంది. మొగ దగ్గర బురద నేల 1:100 అయితే 65 మీటర్లు. అక్కడ ఒక వరస ఇళ్లు, ఐస్ ప్లాంటు, వలలు ఆరేసే మైదానం మొత్తం గీతకి ఈ పక్కనో ఆ పక్కనో పడతాయి. జనసాంద్రత ఎక్కువున్న సీఆర్‌జడ్ 3ఏ పల్లెలకి 2019 నోటిఫికేషన్‌లో నిర్మాణ నిషేధ పట్టీ యాభై మీటర్లే.

సరుగుడు
అర్థమైంది. అయితే మంచి ఉపరితలం తయారైనాక పౌర్ణమి పోటు మట్టానికి కాంటూరు (ఒకే ఎత్తు గీత) గీస్తే అదే హైటైడ్ లైను కదా? వేరే సర్వే ఎందుకు?

గొలుసు_లింకు
కాదు. ఆ పని మాత్రం చెయ్యకండి. నోటిఫికేషన్‌లో హైటైడ్ లైను అంటే పౌర్ణమి, అమావాస్యల పోటుకి నీటి అంచు నేల మీద అత్యధికంగా ఎక్కే గీత. అల ఎగదన్ని ఎక్కేది కాంటూరులో రాదు. అధికారిక గీత గీసేది చెన్నైలోని ఎన్‌సీఎస్‌సీఎం (జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం). నేల మీద చిహ్నాలు చూసి గీస్తారు, దాని మీదే రాష్ట్ర తీర ప్రణాళిక మ్యాపులు ఉంటాయి. మీ కాంటూరు మీ లెక్కకి పనికొస్తుంది, అనుమతి కాగితం మీదకి రాదు.

కావలి_కాంటూరు
@గొలుసు_లింకు చట్టం వరకు ఒప్పుకుంటా. కానీ అధికారిక గీత గీసిన తేదీ తర్వాత తీరం కదిలిన చోట కాంటూరు పక్కన పెట్టి చూపించకపోతే ప్రణాళిక గుడ్డిది. రెండూ వేర్వేరు పొరలుగా ఉంచాలి, పేర్లు కలవకూడదు. ఒకటి "అధికారిక హైటైడ్ లైను", రెండోది "సగటు పౌర్ణమి పోటు కాంటూరు, ఫలానా నెల సర్వే".

గొలుసు_లింకు
అట్లా పేరు పెట్టి ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

ఉప్పుటేరు
రొయ్యల చెరువుల వైపు ఇంకో చిక్కు. 1991 ఫిబ్రవరి 19 నోటిఫికేషన్‌కి ముందు కట్టిన కట్ట, తూము ఉంటే హైటైడ్ లైను అక్కడ ఆగుతుంది. తర్వాత కట్టినవాటికి ఆ లెక్క లేదు. అందుకని కట్టల పొర పట్టికలో ఎప్పుడు కట్టారో రాసే గడి ఉండాలి, పాత టోపో షీటు అందుకే పనికొస్తుంది. కాలవల్లో పోటు ప్రభావం ఎక్కడిదాకా అనేది ఉప్పదనం బట్టి, ఏడాదిలో బాగా ఎండిన కాలంలో వెయ్యికి ఐదు వంతులు. వానల్లో నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే హద్దు సముద్రం వైపుకి జారిపోతుంది.

ఒంగోలు_గిత్త
కట్టల మాట వచ్చింది కాబట్టి: చెరువు కట్ట పై వెడల్పు రెండు మూడు మీటర్లు. పది మీటర్ల గడిలో అది కరిగిపోతుంది, మోడల్‌లో ఉప్పెన నీళ్లు కట్ట లేనట్టే పారతాయి. కట్ట నడినెత్తిన గీత గీసి దాన్ని బ్రేక్‌లైనుగా (చదును చెయ్యకూడని గీతగా) టిన్‌లో (త్రికోణాల ఉపరితలంలో) పెట్టు. ఐడీడబ్ల్యూతో (దూరాన్ని బట్టి సగటు తీసే పద్ధతి) ఇంటర్‌పోలేట్ చేస్తే, అంటే కొలవని చోట్ల ఎత్తు ఊహిస్తే, ప్రతి బిందువు చుట్టూ బుడిపెలు వస్తాయి. తూములు వేరే పొర, అడుగు మట్టం, వెడల్పు రాసి. లేకపోతే లోపలి పల్లపు నేల పొడిగా చూపిస్తుంది, లేదా సముద్రంతో దారి లేని గుంటలు కూడా నిండిపోతాయి. చెరువులో నీటి పైభాగాన్ని డ్రోను నేల అనుకుంటుంది, పట్టుబడి అయి నీళ్లు తీసినాక ఎగరేస్తే అడుగు కూడా దొరుకుతుంది.

బార_లోతు
చార్టు లోతుల గురించి చివరి మాట ఒకటి. చార్టు ఓడల కోసం. ఉన్న కొలతల్లో తక్కువ లోతువే ఏరి ముద్రిస్తారు. ఆ అంకెలతో ఉపరితలం కడితే అడుగు నిజం కంటే ఎత్తుగా వస్తుంది, ఇసుక ఘనపరిమాణం లెక్కలు తప్పుతాయి. ఎలక్ట్రానిక్ చార్టులో నమ్మకపు తరగతి చూడు. ఏ1 అయితే స్థానంలో తప్పు సుమారు ఐదు మీటర్లు, బీ అయితే యాభై, సీ అయితే ఐదొందలు. కొత్తగా కొలిచేదానికి ఎస్ 44 (అంతర్జాతీయ జల సర్వే ప్రమాణం)లోని ఆర్డర్ 1ఏ తరగతి కావాలని అడుగు, పది మీటర్ల లోతులో అనుమతించే నిలువు తప్పు సుమారు 0.52 మీటర్లు. తెల్ల పట్టీకి అంతకన్నా బాగా రావాల.

పెన్నమొగ
తేదీలు కూడా. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరానికే నడుస్తుంది. రేవు గోడ కట్టిన చోట దక్షిణాన మేట, ఉత్తరాన కోత. కట్టక ముందు కొలిచిన లోతుని, కట్టాక తీసిన డ్రోనుని ఒకచోట అతికితే ఎప్పుడూ లేని తీరం ఒకటి తయారవుతుంది. మొగ అయితే ఒక్క వరదకే మారిపోతుంది.

మైపాడు_మ్యాప్స్
అయితే చేసేది ఇది. ముందు రేవు రాయి మీద మూడు అంకెలు. చార్టు లోతులన్నీ 0.65 బదులు అక్కడ వచ్చిన అంకెతో దిద్దడం, గీత కింద అంకెలు విడిగా. ఫిబ్రవరిలో తెల్ల పట్టీ, నడక, పడవ. కట్టలు బ్రేక్‌లైన్లు. అతికే చోట ఎంత వెడల్పులో కలపమంటారు?

కావలి_కాంటూరు
ముందు కలిసే మేరలో తేడా రాస్టర్ తియ్యి. తేడా అంతటా ఒకేలా ఉంటే ఇంకా ఎక్కడో డేటం తప్పు మిగిలింది, వెనక్కి పో. ఒకవైపు నుంచి ఇంకోవైపుకి పెరుగుతుంటే వాలు తప్పు. చెదురుమదురుగా ఉంటేనే కలపాల్సిన తేడా. అప్పుడు బీచి దగ్గర 20, 30 మీటర్లు, బయట 50 నుంచి 100 మీటర్ల వెడల్పులో క్రమంగా కలుపు. ఎత్తుల రాస్టర్‌తో పాటు అదే కొలతలో ఇంకో రాస్టర్ ఇవ్వు, ప్రతి గడికీ మూలం అంకె: డ్రోను 1, నడక 2, పడవ 3, చార్టు 4, ఇంటర్‌పోలేషన్ 9. వాడేవాడికి ఎక్కడ కొలిచారో, ఎక్కడ ఊహించారో కనబడాల.

మైపాడు_మ్యాప్స్
పోటు స్కేలు జువ్వలదిన్నె హార్బరు గోడకి అనుమతి అడుగుతున్నాం. సున్నా ఎక్కడ పెట్టాల?

బార_లోతు
పట్టికలో ఆ నెల అతి తక్కువ ఆటు కంటే కనీసం అర మీటరు కిందికి. ఫిబ్రవరి, మార్చిలో నీటి మట్టమే తక్కువ, స్కేలు పొట్టిదైతే పౌర్ణమి ఆటుకి నీళ్లు కింది కొస దాటిపోతాయి, సరిగ్గా కావాల్సిన కొలతే పోతుంది. స్కేలు సున్నాని గోడ మీది బెంచ్‌మార్కుకి బిగించిన రోజూ తీసిన రోజూ లెవెల్ చెయ్యి. పడవ గుద్ది జరిగితే తెలిసేది అప్పుడే.